నా వీపు మీద మూడు పేర్లు

నేను ఒక జెర్సీని. బాస్కెట్‌బాల్ ఆటగాళ్లు వేసుకునే చేతుల్లేని చొక్కాని. నా దేశం ఫిలిప్పీన్స్, రంగు ఎరుపు, నంబరు ముప్పై మూడు. కొలత సంగతి మాత్రం అడక్కండి. నన్ను ఆరేస్తే ఆ తీగ మీద ఇంకో బట్టకి చోటుండదు. తాయ్‌తాయ్ అనే ఊళ్లో నన్ను కుట్టినామె చివరి దారం తెంపి, నన్ను పైకెత్తి చూసి, "ఇది చొక్కానా, దోమతెరా?" అని పకపకా నవ్వింది. పుట్టిన రోజే నాకు రోషం అంటే ఏమిటో తెలిసింది.

ఇప్పుడు నేను సార్డిన్ చేపల డబ్బాల గోదాములో, ఒక అట్టపెట్టెలో ఉంటున్నాను. నన్ను కొనుక్కున్నది దలుయోంగ్ సార్డిన్స్ అనే జట్టు. మీ దగ్గర జట్లకు ఊళ్ల పేర్లు పెడతారు. మా లీగులో కంపెనీల పేర్లు పెడతారు. అందుకని వేలమంది "సార్డిన్స్! సార్డిన్స్!" అని గొంతు చించుకుంటుంటే, దారిన పోయేవాడు లోపల చేపల వేలం జరుగుతోందని అనుకున్నా తప్పులేదు.

ప్రతి జట్టూ ఒక విదేశీ ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. అతన్ని 'ఇంపోర్టు' అంటారు. ఓడ మీద దిగే సరుకునీ ఆ మాటే అంటారు, సరుకులాగే చూస్తారు కూడా. బాగుంటే నెత్తిన పెట్టుకుంటారు, బాగోకపోతే తిప్పి పంపుతారు. నేను ఆ ఇంపోర్టు కోసం కుట్టిన జెర్సీని. మనిషి మారినప్పుడల్లా కొత్త జెర్సీ ఎందుకని, నా వీపు మీది పేరు పట్టీ ఊడదీసి ఇంకో పట్టీ కుట్టేవారు. ఆ పని మాంగ్ దోమెంగ్‌ది. మాంగ్ అంటే ఇక్కడ పెద్దవాళ్లను గౌరవంగా పిలిచే మాట. జట్టు సామాన్లన్నీ ఆయనే చూసుకునేవాడు. బ్లేడు పట్టుకుని ఆయన నా దగ్గరికి వస్తే చాలు, ఎవరి ఉద్యోగమో ఊడిందని నాకు అర్థమైపోయేది.

మొదటి పేరు బాయ్‌కిన్స్. అమెరికా నుంచి దిగినప్పుడు విమానాశ్రయంలో పూలదండ వేసి, బ్యాండు పెట్టి మరీ తీసుకొచ్చారు. మనిషి మంచివాడే గానీ, ఆట మొదలైన కాసేపటికే ఆయాసం. నేను తడిసి ముద్దయ్యేదాన్ని, స్కోరు మాత్రం పొడిగానే ఉండేది. వరసగా ఓడాక ఒక పొద్దున్న వ్యానెక్కించి పంపేశారు. ఈసారి దండా లేదు, బ్యాండూ లేదు.

రెండో పేరు ఎజే. నైజీరియావాడు. ఆట అయ్యాక నన్ను ఎవరికీ విసిరేసేవాడు కాదు, మడత పెట్టి బల్ల మీద ఉంచేవాడు. ఆయన ఒంటి మీద ఉన్నన్నాళ్లూ నాకు గెలుపు రుచి తెలిసింది. అడుగున పడి ఉన్న జట్టు మెల్లగా పైకి లేచింది. తీరా లీగు దశ ముగియడానికి ఒక్క ఆట ఉందనగా, పైకెగిరి దిగడంలో ఆయన మోకాలు మెలిపడింది. స్ట్రెచర్ మీద పడుకుని కూడా నన్ను జాగ్రత్తగా విప్పి మాంగ్ దోమెంగ్ చేతికిచ్చాడు. నాకు ఏడుపొచ్చింది. చొక్కాకి కన్నీళ్లేమిటని మీరు నవ్వితే నవ్వండి.

మళ్లీ బ్లేడు, మళ్లీ సూది. మూడో పేరు హాలోవే. ఈ హాలోవే ఇంకా రాలేదు. పేరు ముందొచ్చింది, మనిషి వెనకాల రావాలి. ఇంతలో తుపాను పట్టుకుంది, విమానాలు ఆగిపోయాయి. చివరి ఆట రోజు వచ్చేసింది. గెలిస్తే క్వార్టర్ ఫైనల్, ఓడితే మూటాముల్లె సర్దుకోవడమే. అవతలి జట్టుకి గుమ్మంలో పట్టని ఇంపోర్టు ఉన్నాడు. మాకు ఖాళీ కుర్చీ ఉంది. హాలోవే విమానం దిగి తిన్నగా ఇక్కడికే వస్తాడేమోనన్న ఆశతో నన్ను ఆ కుర్చీ మీద వేలాడదీశారు.

ఇక్కడ నోనోయ్ అబెలార్దే గురించి చెప్పాలి. బెంచీకి ఆ చివర కూర్చునే మనిషి. వయసు మీద పడింది, మోకాళ్లకి పట్టీలు. కుర్రాళ్లందరూ 'కూయా నోనోయ్' అనేవారు, అంటే అన్నయ్య అని. ఈ సీజన్‌తో ఆయన ఒప్పందం అయిపోతుంది. ఇంకో జట్టు ఆయన్ని తీసుకోదని అందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ సాయంత్రం బూట్ల తాళ్లు కట్టుకుంటూ మాంగ్ దోమెంగ్‌తో అన్నాడు.

"ఇవాళ గెలవాలి, మాంగ్. గెలిస్తే ఇంకొక్క ఆట దొరుకుద్ది. నాకదే చాలు."

"సీజనంతా నిన్ను దింపిందే లేదు గదరా. ఇంకో ఆట దొరికితే మాత్రం ఏం చేస్తావు?"

"దింపకపోతే పోనీ. దింపుతారేమోనని కూర్చుంటా. రేపట్నించీ ఆ కూర్చోడం కూడా ఉండదు."

నిజానికి అంతవరకూ ఆయన్ని నేను పట్టించుకోలేదు. ఇంపోర్టు జెర్సీనన్న పొగరు నాకూ ఉండేది.

ఆట హోరాహోరీగా సాగింది. మావాళ్లలో ఇద్దరు పొడుగాళ్లు ఫౌళ్లు ఎక్కువై బయటికొచ్చేశారు. కోచ్ బెంచీ పొడుగునా చూసుకుంటూ వచ్చి, చివర్న ఆగాడు. నోనోయ్ దిగాడు. దిగీ దిగగానే అవతలి ఇంపోర్టుకి అడ్డంగా నిలబడ్డాడు. ఆ మనిషి మోచెయ్యి తగిలి కనుబొమ చిట్లింది. రక్తం ఆయన జెర్సీ మీద కారింది. రక్తం అంటిన జెర్సీతో ఆడకూడదని నియమం. బెంచీ చివరి మనిషికి రెండో జెర్సీ ఎందుకని కంపెనీ కుట్టించనే లేదు.

మాంగ్ దోమెంగ్ అటూ ఇటూ వెతికి, చివరికి నా వంక చూశాడు.

"ఇదొక్కటే ఉంది. వేసుకో."

"ఇందులో నాలాంటోళ్లు ఇద్దరు పడతారు, మాంగ్."

"అయితే ఇద్దరి ఆట ఆడు."

కనుబొమకి ప్లాస్టరు వేసుకుని, నన్ను తల మీంచి దింపుకున్నాడు. నేను ఆయన మోకాళ్ల దాకా జారాను. అధికారులు నంబరు మార్చి రాసుకున్నారు. మైకులో ఉన్నాయన మాత్రం తన కాగితంలో ముప్పై మూడుకి ఎదురుగా ఉన్న పేరు చూసి, "హాలోవే!" అని గొంతెత్తాడు. జనం ఒక్క క్షణం బిత్తరపోయారు. పై మెట్ల మీంచి ఎవడో అరిచాడు: "ఇంపోర్టు దిగాడ్రోయ్! దార్లో వానకి తడిసి కుంచించుకుపోయాడు!"

స్టేడియం అంతా ఒకటే నవ్వు. ఆ వెంటనే "ఇంపోర్టు! ఇంపోర్టు!" అని వెక్కిరింత. సిగ్గుతో చచ్చిపోయాను. నోనోయ్ మాత్రం నన్ను నిక్కరులోకి గట్టిగా దోపుకుని వెళ్లి ఆ కొండలాంటి మనిషి ముందే మళ్లీ నిలబడ్డాడు. తోస్తే పడ్డాడు, లేచాడు. మళ్లీ తోస్తే మళ్లీ లేచాడు. ఆయన గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందో నాకు తెలుసు. కాళ్లు వద్దంటున్నాయని కూడా తెలుసు. అయినా వెనక్కి తగ్గలేదు. చూస్తుండగానే జనం అరుపులో వెక్కిరింత పోయింది. మాట అదే, గొంతులు మారాయి.

స్కోర్లు సమానమయ్యాయి. ఆఖరి క్షణాల్లో మా బంతి రింగుకి తగిలి తిరిగొచ్చింది. నోనోయ్ దాని కోసం ఎగిరాడు. అవతలి ఇంపోర్టు వెనకనుంచి నన్ను గుప్పిట్లో పట్టుకుని లాగాడు. అంత వదులుగా ఉండబట్టే చేతికి చిక్కాను. నా చంక దగ్గర కుట్టు పర్రుమని చిరిగింది. రిఫరీకి అది కనపడింది, విజిల్ మోగింది. మాకు రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డుకోకుండా రింగులోకి బంతి వేసే అవకాశాలు.

మొదటిది రింగు అంచున తిరిగి బయటికి దొర్లింది. నోనోయ్ చేతుల చెమట నా అంచుకి తుడుచుకున్నాడు. నేను కదలకుండా ఉన్నాను, అంతకన్నా చేయగలిగింది లేదు. రెండోది వల తప్ప దేన్నీ తాకకుండా పడింది. ఒక్క పాయింటుతో గెలిచాం. కుర్రాళ్లు ఆయన మీద పడ్డారు, నేను వాళ్ల మధ్య నలిగి ఉండలా అయ్యాను.

మర్నాడు హాలోవే దిగాడు. నెమ్మదస్తుడు, బాగా పొడగరి. మాంగ్ దోమెంగ్ నా చిరుగు కుట్టి ఆయనకిచ్చాడు. నోనోయ్‌కి ఉతికిన తన జెర్సీ, బెంచీ చివర తన చోటు తిరిగి దక్కాయి. లోకం తీరే అంత అని నాకు ఒళ్లు మండింది. ఆయన మాత్రం బూట్ల తాళ్లు ఎప్పటిలాగే శ్రద్ధగా కట్టుకున్నాడు.

క్వార్టర్ ఫైనల్లో హాలోవే బాగానే ఆడాడు, కానీ అవతలివాళ్లు మాకన్నా మెరుగు. చివరికొచ్చేసరికి ఇక అందుకోలేమని తేలిపోయింది. జనం లేచి వెళ్లిపోతారనుకున్నాను. వెళ్లలేదు. పై మెట్ల మీద మొదలైంది, మెల్లగా కిందికి పాకింది: "ఇంపోర్టు! ఇంపోర్టు!"

హాలోవే పాపం, తననే అనుకుని చెయ్యెత్తి దండం పెట్టాడు. జనం నవ్వుతూనే తలలు అడ్డంగా ఊపి, బెంచీ చివరకి వేళ్లు చూపించారు. కోచ్ ఆ వైపు తిరిగాడు.

"లే నోనోయ్. ఎవర్ని పిలుస్తున్నారనుకున్నావు?"

హాలోవే బయటికొచ్చి కూర్చున్నాడు. కూర్చున్నది ఆయనైనా నా ప్రాణమంతా మైదానంలోనే ఉంది.

"ఎవరాయన?" అని అడిగాడు హాలోవే.

"ఆయనేనయ్యా, మా ఇంపోర్టు," అన్నాడు మాంగ్ దోమెంగ్.

అప్పుడే బంతి గీత దాటబోతోంది. ఓడిపోయిన ఆట, ఎవరూ దాని వెంట పరిగెత్తనక్కర్లేదు. నోనోయ్ పరిగెత్తాడు. నేల మీద పడి, జారుకుంటూ వెళ్లి, దాన్ని లోపలికి కొట్టాడు. హాలోవే చప్పట్లు కొడుతూ లేచి నిలబడ్డాడు. ఆయనతో పాటు నేనూ లేచాను.