కంప్యూటర్లో కుంగిన గోడ

కొలతల్లో నన్ను మించినవాడు జిల్లాలోనే లేడని 1987 దాకా నాకో గట్టి నమ్మకం. నా పేరు శివరాజ్, జహీరాబాద్‌లో ప్రభుత్వ డ్రాఫ్ట్స్‌మన్‌ను. స్టేషన్ దగ్గర ప్రయాణికులు దిగే పాత సత్రం, ముసాఫిర్‌ఖానా కొలతలు తీసే పని ఆ ఏడు నాకు పడింది. హైదరాబాద్ ఆఫీసులో కొత్తగా కంప్యూటర్ పెట్టారు. కొలతలు ఎక్కిస్తే అది పాత కట్టడాన్ని గీతల్లో నిలబెట్టి, ఎక్కడ కుంగిందో, ఎక్కడ మరమ్మతు కావాలో చూపిస్తుందట.

మూడు రోజులు నిచ్చెన ఎక్కి దిగి, ఆవరణ చుట్టూ నేల నుంచి చూరు ఎత్తు కొలిచాను. కొలతలు రాసే కాగితంలో నేల ఎత్తుపల్లాలకు వేరే గడి ఉంది. పరిచిన షాబాద్ బండలు కంటికి సమంగానే కనిపించాయి. అన్నిచోట్లా సున్నా వేసేశాను.

వారానికి బొమ్మ వచ్చింది. తూర్పు గోడ నాలుగంగుళాలు కుంగిందట. పై అధికారి జగన్‌మోహన్ గారు కూల్చేయమని రాశారు. గురువారం పని మొదలు. కంప్యూటర్ అబద్ధమాడదని ఊరంతా చెప్పుకుంటూ తిరిగింది నేనే.

ఆ ముసాఫిర్‌ఖానాలో అమీరున్నీసా పదేళ్లుగా కుట్టు నేర్పుతోంది. కోహీర్ నుంచి కూడా ఆడపిల్లలు వస్తారు. ఇంకో చోటు కోసం ఆమె తిరగని గల్లీ లేదు, దొరకలేదు. మంగళవారం నన్ను చూసి ఒక్కటే అడిగింది.

“మిషన్లు ఎప్పటికల్లా తియ్యాలె బేటా?”

తిట్టినా బాగుండేది.

మూటలు కట్టడానికి వచ్చిన యాకూబ్ మేస్త్రీ మాత్రం గోడను తడుముతూ నిలబడ్డాడు. పగులు లేదు, తలుపులు బిగుసుకోలేదు, ఇక కుంగడమేమిటని ఆయన అనుమానం. తాపీ పట్టేవాడు నాకు చెప్పడమేమిటని ఒళ్లు మండింది.

“టేపు కింది మొన యాడ వెట్టినవ్ సారూ?”

నేల మీదే అన్నాను.

“గీ బండలు పరిచింది నేనే. వాన నీళ్లు పడమటి మోరీలకు పోవాలని అటు వాలుగ పరిచిన. నాలుగించులు.”

నేల గడిలో నేను వేసిన సున్నాలు గుర్తొచ్చాయి. ఆయన నీళ్లు నింపిన సన్న ప్లాస్టిక్ గొట్టం తెచ్చాడు. ఒక కొస తూర్పు చూరుకు ఆయన పట్టాడు, రెండోది పడమటి చూరుకు నేను. రెండువైపులా నీళ్లు సరిగ్గా చూరు అంచుకే నిలిచాయి. తూర్పున నేలే నాలుగంగుళాలు ఎత్తు, గోడకు ఏమీ కాలేదు. నిచ్చెన మీదే నాకు ఏడుపొచ్చింది.

బుధవారం మొదటి బస్సెక్కాను. దారంతా కూర్చుకున్న మాటలు ఆఫీసులో ఒక్కటీ గుర్తుకు రాలేదు. నేల వాలు నేను చూడలేదు సార్ అన్నాను. జగన్‌మోహన్ గారు అందరి ముందూ చీవాట్లు పెట్టి, నేల వాలు కలిపి కొలతలు మళ్లీ ఎక్కించమన్నారు. ఈసారి తెర మీద చూరు తిన్నగా వచ్చింది. కూల్చివేత రద్దని ఆయన సంతకం పెట్టేదాకా నేను ఆయన బల్ల ముందు నుంచి కదల్లేదు.

సాయంత్రానికి తిరిగొచ్చి, తప్పు నాదనీ, గోడ గట్టిగానే ఉందనీ అమీరున్నీసాకు చెప్పాను. ఆమె మూట మీద కూలబడి కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

“పదేండ్లల్ల పిల్లలకు ఉత్తగ ఒక్క దినం సెలవియ్యలే. నీ వల్ల రెండు దినాలు పాయె. రేపు పొద్దుగాల్నే వస్తరు, మూటలు విప్పు.”

యాకూబ్ చేయి వేయబోతే ఆమె వద్దంది. బయటికి చేర్చిన పన్నెండు మిషన్లూ నేనే మళ్లీ లోపల పెట్టాను. నడుము విరిగింది కానీ, ప్రాణం హాయిగా ఉంది.