మిషన్ కాంపౌండు గోల్‌కీపర్లు

గ్రీర్ దొరను నేను తిట్టుకోని రోజు లేదు. ఆ మాట జమ్మలమడుగులో ఎవరి ముందైనా అంటే, తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడినంటారు. అననీ.

ఆయనది ఐర్లాండులో బెల్‌ఫాస్ట్. ఓడలు కట్టే కార్ఖానా ఫుట్‌బాల్ జట్టుకు తొమ్మిదేళ్లు గోల్‌కీపర్. ఒక ఫైనల్లో వానకు తడిసిన బంతి ఆయన చేతుల్లోంచి జారి గోల్లో పడింది. ఆ ఊళ్లోనూ రెండు పక్షాలే, రెండు రకాల చర్చీలే. అవతలి వీధివాళ్లకు అమ్ముడుపోయాడని సొంత వీధివాళ్లే ఆయన కిటికీ అద్దాలు పగలగొట్టారు. దాంతో ఆట మానేసి, మిషన్ పనిలో చేరి, మా ఆసుపత్రిలో పంపులు, జనరేటర్లు చూసుకోవడానికి వచ్చాడు. వచ్చిన రెండో ఏడే టౌన్ జట్టుకు మేనేజరయ్యాడు.

ఆ జట్టు సంగతి చెప్పాలి. పెన్నకు ఇవతల నారాయణ ఊరు, అవతల పుల్లన్న ఊరు; ఇద్దరూ ముఠా నాయకులే. ఆ రెండు ఊళ్ల మధ్య అప్పటికే నాలుగు శవాలు లేచాయి. అయినా కప్పు గెలిచిన పేరు ఇద్దరికీ కావాలి. అందుకని జట్టులో చెరి ఐదుగురు. గొడవంతా పదకొండోవాడి దగ్గర. నారాయణ మనిషి గోల్లో ఉండి బంతి వదిలితే, కావాలనే వదిలాడని పుల్లన్న వాళ్లంటారు. పుల్లన్న మనిషైతే నారాయణ వాళ్లంటారు. సాయంత్రానికల్లా బాంబులు బయటికొస్తాయి.

అద్దాలు పగిలిన మనిషి కదా, దొరకు ఈ రోగం ముందే తెలుసు. మందు ఆయనే కనిపెట్టాడు. కీపర్ ఎప్పుడూ ఆసుపత్రి చుట్టూ ఉండే మా మిషన్ కాంపౌండు వాడే అయి ఉండాలన్నాడు. కాంపౌండు వాళ్లది ఏ పక్షమూ కాదు కాబట్టి రెండు ఊళ్లూ ఒప్పుకున్నాయి.

అలా పంతొమ్మిదో ఏట నేను గోల్లో నిలబడ్డాను. పెన్న ఇసుకలో దొర నన్ను పొద్దున్నే పడేసి లేపేవాడు. "పడు దాసయ్యా, మళ్లీ పడు," అనేవాడు. ఆ రెండు ఊళ్లూ మమ్మల్ని నమ్ముతున్నాయని ఎంత పొంగిపోయానో! పిచ్చివాణ్ణి. మా తాతలు వాళ్ల బావుల్లో చేద వెయ్యడానికి లేనివాళ్లు. పక్షం లేదంటే వాళ్ల దృష్టిలో అసలు మనిషే కాదని అర్థం. మేం గోల్ వదిలితే వాళ్ల పరువు పోదు. మమ్మల్ని తన్నితే అడిగేవాడు లేడు. నేను గోల్ వదిలిన రోజుల్లో రెండు ఊళ్లవాళ్లూ వంతులేసుకుని తన్నారు. ఆ రోజుల్లో ఊళ్ల మధ్య శాంతి ఉండేది. దొర నా వీపుకు మందు రాసి, "నీ వల్ల ఈ రోజు ఎవరూ చావలేదు," అనేవాడు. ఆ మాటకు నేను సంతోషించాను. ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

డెబ్బై నాలుగులో దొర తన ఊరికి వెళ్లిపోతూ విజిల్ నా చేతిలో పెట్టాడు. మేనేజర్నయ్యాను. ఆసుపత్రిలో దుప్పట్లుతికే సుబ్బమ్మ కొడుకు జయకర్‌ను అదే ఇసుకలో అలాగే తయారుచేశాను. నాకంటే గొప్పవాడయ్యాడు.

ఎనభై అయిదులో ప్రొద్దుటూరులో ఫైనల్ పడింది. గుంతకల్లు రైల్వే జట్టు కోచ్ జయకర్‌ను చూడటానికే వస్తున్నానని కబురు పెట్టాడు. బాగా ఆడితే రైల్వే ఉద్యోగం. సుబ్బమ్మ ముప్పై ఏళ్లుగా చేతులు నానబెట్టిన తొట్టిని వదిలెయ్యొచ్చు.

అంతకు ముందే ఎలక్షన్లు అయ్యాయి. నారాయణ ఒక పార్టీ, పుల్లన్న ఇంకో పార్టీ. మ్యాచ్‌కు మూడు రోజుల ముందు నారాయణ జీపు మా క్వార్టర్ల ముందు ఆగింది.

"ఏమిరా దాసయ్యా, మీ కాంపౌండు ఓట్లు యాడ పడినాయో మాకు తెల్దనుకుంటాండావా? ఇంక మీదీ ఒక పక్షమే. గోల్లో మా బామ్మర్ది నిలబడతాడు," అన్నాడు.

మర్నాడు పుల్లన్న వచ్చాడు. "మీరంతా నారాయణకే గుద్దినారంట గదా. మా చిన్నాయన కొడుకును పెట్టు గోల్లో," అన్నాడు.

మేం ఎవరికి వేశామో మాలోనే ఒకరిది ఒకరికి తెలియదు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాను: "గోల్లో జయకరే నిలబడతాడప్పా. ఇష్టముంటే మీవాళ్లను పంపించండి, లేకుంటే లేదు." ఇరవై అయిదేళ్ల ముందు చెప్పి ఉండాల్సిన మాట అది.

మ్యాచ్ రోజు పొద్దున బస్టాండుకు పది మందిలో ఒక్కడూ రాలేదు. జయకర్ మొహం వేలాడేశాడు. "వద్దులే మామా. నా ఒక్కని కోసం ఊరంతా తగలబడల్లా ఏంది?" అన్నాడు.

"నోర్ముయ్. బస్సెక్కు," అన్నాను. ఆ మాట వాడి నోట్లో ఎవరు పెట్టారు? దొర పెట్టాడు, నేను పెట్టాను.

ఏడుగురుంటే ఆట ఆడనిస్తారు. ఆంబులెన్సు డ్రైవర్ మౌలాలి, వార్డులో పనిచేసే పాలయ్య, మిషన్ బడి టీచర్లు ముగ్గురు, నలభై నాలుగేళ్ల నేను, గోల్లో జయకర్. బంతిని సరిగ్గా తన్నడం మాలో ఇద్దరికే వచ్చు.

ప్రొద్దుటూరు వాళ్లు మా మీద పడ్డారు. యాభైకి పైగా బంతులు గోల్ మీదికి వచ్చాయి. జయకర్ ఎడమకు పడ్డాడు, కుడికి పడ్డాడు, లేచి మళ్లీ పడ్డాడు. మోచేతులు చీరుకుపోయి రక్తం కారుతున్నా ఆగలేదు. ఆరు గోల్స్ మాత్రం తప్పలేదు.

సగం ఆటలో గ్రౌండు అంచుకు చూశాను. నారాయణ జీపు, పుల్లన్న జీపు పక్కపక్కనే ఉన్నాయి. ఇరవై అయిదేళ్లలో నేనెన్నడూ చూడనిది అది. ఈ జీపులోంచి ఆ జీపులోకి సోడాలు చేతులు మారుతున్నాయి. పాలయ్య కాలు జారి బోర్లా పడినప్పుడల్లా రెండు జీపులూ కలిసి పడీపడీ నవ్వాయి. వాళ్ల మధ్య శాంతి కోసం మా వీపులు ఇచ్చాం. చివరికి ఆ శాంతి మమ్మల్ని చూసి నవ్వడానికి పనికొచ్చింది. నాకు ఏడుపు రాలేదు. చేతికందితే రాయి విసిరేవాణ్ణే.

ఆట అయ్యాక గుంతకల్లు కోచ్ జయకర్ చేతులు పట్టుకుని తిప్పి చూశాడు. "ఒక్క ఆటలో ఒక కీపర్ మీద ఇన్ని బంతులు పడటం నేను చూడలేదు. సోమవారం పంపించండి," అన్నాడు. ఆ వారమే సుబ్బమ్మ తొట్టి వదిలేసింది.

మరుసటేడు నారాయణ, పుల్లన్న కలిసి ఒకే జీపులో మా ఇంటికొచ్చారు. కొత్త కీపర్ ఎవరి మనిషనే దాని మీద మూడు మ్యాచ్‌లు మొదలుకాకముందే కొట్టుకు చచ్చారట. నేను 'దాసయ్యన్న'నయ్యాను.

"ఒక కీపర్ను ఇయ్యి దాసయ్యన్నా. మీ కాంపౌండోడైతేనే అందరికీ నమ్మకం," అన్నాడు పుల్లన్న.

"తన్నేదానికి మనిషి కావల్లంటే యాడన్నా ఎతుక్కోండి. మా కాంపౌండులో లేడు," అన్నాను. "మీలో ఒకరినొకరు నమ్మే రోజు దాకా గోల్ ఖాళీగా పెట్టుకోండి."

తలుపేసేశాను. ఆ ఏటి నుంచి జమ్మలమడుగుకు జట్టు లేదు. చెరి ఐదుగురు ఇప్పటికీ ఉన్నారు. పదకొండోవాడి కోసం చూస్తున్నారు. చూడనీ.