అరచేతి మూత

నేను ఒక గాజు గ్లాసును. పొట్ట గుండ్రంగా, మూతి సన్నగా ఉంటుంది. లోపల పోసిన విస్కీ వాసన చెదిరిపోకుండా ముక్కుకి అందాలని నన్నలా ఊదారు. ఊదిన మనిషి ఆ పూట ధ్యాస ఎక్కడ పెట్టాడో గాని, నా అడుగు ఒక పక్కకి ఒరిగింది. ఎక్కడ పెట్టినా వణుకుతాను. పుట్టుకతోనే నిలకడ లేని బతుకు నాది.

విశాఖపట్నంలో ఒక హోటలు బారు వాళ్లు డజను గ్లాసులు కొని, నన్ను మాత్రం వారంలోనే వదిలించుకున్నారు. ఏరి కోరి ఇంటికి తెచ్చుకున్నవాడు ఎల్లాజీ. సరుకు ఓడల్లో, ఇంజన్ గదిలో ముప్ఫై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు. ఊగే వస్తువంటే అతనికి మమకారమట.

ఒడ్డుకు చేరాక అతనికి పట్టిన పిచ్చి విస్కీలకు మార్కులు వేయడం. నూటికి ఇన్నని వేసి, వాసనా రుచీ వర్ణించి ఇంటర్నెట్‌లో పెడతాడు. నన్ను తిప్పుతాడు, ఎత్తి వెలుతురులో చూస్తాడు, మళ్లీ తిప్పుతాడు. నాకు తల తిరగడమే తప్ప అతని కలం కదలదు. అప్పుడు వంటింట్లోంచి భార్య పోలమ్మను కేకేస్తాడు. భీమిలి దగ్గర చేపల పడవలవాళ్ల ఆడపడుచు ఆమె. చుక్క ముట్టదు. ఒక్కసారి వాసన పీల్చి, తడి వల ఎండబెట్టినట్టుందనో, టించరు పూసిన కట్టులా ఉందనో, నిప్పుల మీద ఎండుచేప అనో చెప్పి, పోపు మాడిపోతోందని వెళ్లిపోతుంది. అతను అదంతా రాసేసుకుంటాడు. ఇలా రాయగలవాడు దేశంలోనే లేడని చదివినవాళ్లు మెచ్చుకుంటారు. సొమ్మొకరిది, సోకొకరిది.

ఒకరోజు ఆమె అడిగింది.

"నా పేరొక్కసారి రాస్తే నీ సొమ్మేటి పోద్ది బావా?"

తాగని మనిషి పేరు విస్కీ కింద రాస్తే నలుగురూ నవ్విపోతారని ఎల్లాజీ తనే నవ్వాడు. ఆ రోజు నుంచి పోలమ్మ నా దరిదాపులకు రాలేదు. నెల రోజులు అలమారలో వణుకుతూ గడిపాను.

సరిగ్గా అప్పుడే ఒక పెద్ద హోటల్లో విస్కీకి మార్కులు వేసే సభకు పిలుపొచ్చింది. కొత్తగా వచ్చిన పొగ విస్కీ అది. పీట్ అనే చిత్తడినేల మట్టిని కాల్చి, ఆ పొగలో బార్లీని ఆరబెట్టి చేస్తారు. అలా నాలుగైదు చోట్ల తయారైన విస్కీలను కలుపుతారు. ఫోన్లు బయట పెట్టాలి. ఎవరి వర్ణన వాళ్లు రాసి, పాతికమంది ముందు చదవాలి. పోలమ్మను బతిమాలడానికి అతనికి నామోషీ అడ్డొచ్చింది. నన్నొక్కదాన్నే సంచిలో పెట్టుకుని బయల్దేరాడు.

అక్కడ నన్ను ఎంతసేపు తిప్పాడో! "పొగ" అని రాసి కొట్టేశాడు. కాసేపటికి మళ్లీ "పొగ" అనే రాశాడు. చెమటతో అతని వేళ్లు నా మీద జారుతున్నాయి. చివరికి పోలమ్మ పాత మాట "తడి వల" రాశాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మాట ఇంకో విస్కీది. అతను దాన్నే చూస్తూ కూర్చుని, కాసేపటికి అదీ కొట్టేశాడు. తన వంతు రాగానే లేచాడు.

"నాకు పొగొక్కటే తెలుస్తంది. ఇన్నాళ్లూ వాసనలు చెప్పింది మా ఆవిడ పోలమ్మ. నేను రాసేవోణ్ణి, అంతే."

కొందరు నవ్వారు. కనీసం మార్కులైనా వేయమన్నారు. అవీ ఆవిడే వేయాలని చెప్పి, అడుగున మిగిలిన రెండు చెంచాల విస్కీతో నన్ను పట్టుకుని, మూతికి అరచెయ్యి అడ్డం పెట్టి బయటికి నడిచాడు.

బీచ్ రోడ్డు మీద ఆటో ఎగిరెగిరి పడుతోంది. నేను ఒలుకుతున్నాను. అతను ఆ చెయ్యి తీయలేదు. ఇంటికెళ్లి జరిగినదంతా చెప్పి, అప్పుడు తీశాడు. పోలమ్మ నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు పీల్చింది.

"నీ అరచెయ్యి వాసనే వస్తంది బావా. ఇంకేటీ లేదు."

ఎల్లాజీ కాగితం తీసి, పైన పోలమ్మ పేరు రాసి, దాని కింద ఆ మాటే ఉన్నదున్నట్టు రాశాడు. మార్కులెన్నని అడిగాడు. డెబ్బై అంది, దారంతా ఒలకబోసినందుకు ముప్ఫై కోసేసి.

ఇప్పుడు నా అడుగు కింద ఆమె అగ్గిపెట్టె అట్ట మడిచి పెట్టింది. వణుకు తగ్గింది. ఆమె ముక్కు దగ్గరికొచ్చినప్పుడు మాత్రం ఏం చెబుతుందోనని ఇప్పటికీ వణుకుతాను. పక్కనే కలం పట్టుకుని అతనూ అంతే.