షిమ్ర్ కన్నీళ్లు

ఇరాన్‌లో మా ఊరు ఖాన్సార్‌లో మొహర్రం నాటకం చూడని మనిషి లేడు. అందులో ప్రవక్త మనవడు ఇమాం హుస్సేన్ గొంతు కోసే షిమ్ర్ వేషం నలభై ఏళ్లుగా మా నాన్న సైఫుల్లాదే. ఎర్రబట్టలు కట్టి, కత్తి దూసి, ఊరు దద్దరిల్లేలా గర్జిస్తాడు. తీరా కత్తి ఎత్తాక తనే వెక్కివెక్కి ఏడుస్తాడు. వేషం తనదే గాని ఆ పాపం తనది కాదని చెప్పుకోవడమది. షిమ్ర్ వేషం కట్టినవాడు ఏడవాల్సిందే. మాకిది ఉగ్గుపాలతో వచ్చిన సంగతి.

నాన్న గొంతులో పుండు లేచింది. స్వరపేటిక తీసేయక తప్పదన్నారు డాక్టర్లు. అందుకే ఆయన ఆఖరి నాటకాన్ని నేను సినిమాగా తీశాను. ఊళ్లో సినిమా హాల్లో తన గొంతు ఒక్కసారి మోగితే చాలన్నాడు నాన్న. దానికి టెహ్రాన్‌లో సెన్సారు వాళ్ల అనుమతి కావాలి.

సెన్సారు ఆఫీసు గదిలో అధికారి నూర్‌బఖ్ష్ మా పక్కనే కూర్చుని సినిమా చూశాడు. నాన్న ఏడ్చే చోట ఆయనా కళ్లజోడు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. నా కళ్లారా చూశాను. లైట్లు వెలిగాక మాత్రం ఆ ఏడుపు కత్తిరించమన్నాడు. దుర్మార్గుడు ఏడిస్తే జనానికి వాడి మీద జాలి పుడుతుందట, మతానికి అపచారమట. నాకు ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడు మీరీ నాటకం చూడలేదా అని అడిగాను. చూడకేం, హుస్సేన్ బిడ్డగా వేషం కూడా కట్టానన్నాడు, సిగ్గులేకుండా. తెలియనివాడికైతే చెప్పొచ్చు. తెలిసీ చేసేవాడికి ఏం చెప్తాం?

"ఒక్క చిన్న ముక్క, పెద్దాయనా. అది తీసేస్తే ఇప్పుడే సంతకం పెడతా," అన్నాడు నాన్నతో.

ఒప్పుకుంటే ఆయన గొంతు ఊరికి దక్కుతుంది. ఒప్పుకుంటాడేమోనని నాకు భయం కూడా వేసింది. నాన్న లేచి నిలబడ్డాడు. బొంగురుపోయిన గొంతును కూడదీసుకున్నాడు.

"ఏడవకుండా పీక కోసేవాళ్లే కావాలంటే మీ దగ్గరే బోలెడుమంది ఉన్నారు కదయ్యా. మళ్లీ నేనెందుకు?"

నూర్‌బఖ్ష్ తలెత్తలేదు. అనుమతి లేదని రాసి సంతకం చేశాడు.

మెట్లు దిగుతూ నాన్న నా భుజం పట్టుకున్నాడు.

"బాగా పలికానా, తల్లీ?"

బాగా పలికావన్నాను.

ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఆయన ఏం కావాలన్నా పలక మీద రాసి చూపిస్తాడు. సినిమా పెట్టెలోనే మగ్గుతోంది. నాన్న తన జన్మలో పలికిన గొప్ప మాట ఆ గదిలోనే కలిసిపోయింది. అప్పుడు నా చేతిలో కెమెరా లేదు.