కుడి పాదం

రైల్వే గేటు దగ్గర బస్సు ఆగాల్సిన చోట ఆగలేదు.

గేటు పడి ఉంది. ముందు ఇటుకల లారీ నిలబడి ఉంది. డ్రైవరు రోజూలాగే కుడికాలు బ్రేకు మీద వేశాడు. వేశాననుకున్నాడు. స్కూలు బస్సు మాత్రం దిగుడు రోడ్డు మీద తన మానాన తను పోతూనే ఉంది. కిందికి చూస్తే పాదం బ్రేకు మీద లేదు. పక్కన రేకు మీద, ఎవరో వదిలేసిపోయిన చెప్పులా పడి ఉంది. అతని పై ప్రాణాలు పైనే పోయాయి. స్టీరింగు వదిలేసి, ఒక చేత్తో హ్యాండ్‌బ్రేకు లాగుతూ, రెండో చేత్తో ప్యాంటు గుడ్డ పట్టుకుని కాలెత్తి బ్రేకు మీద పడేసి, మోకాలిని అదిమిపట్టాడు. బస్సు కీచుమంటూ లారీకి జానెడు దూరంలో ఆగింది.

పిల్లలంతా ముందుకి తూలారు. తర్వాత "నిచ్చెన అంకుల్, ఇంకోసారి! ఇంకోసారి!" అని ఒకటే గోల. వాళ్లకేం, వాళ్లకదో ఆట.

తలుపు దగ్గర కూర్చునే ఆయమ్మ మాత్రం ఊడిన కొప్పు సర్దుకుంటూ వచ్చింది. "ఏంటి బాబూ, కునుకు పట్టిందా?"

"కుక్క అడ్డమొచ్చింది ఆయమ్మా."

"నాకు కనపళ్లేదే!"

"చిన్నది."

అబద్ధం తడుముకోకుండా వచ్చింది. ఒంటి సంగతి ఎవరైనా అడిగితే అతను ఏనాడూ తడుముకోలేదు. ముచ్చెమటలు తుడుచుకుంటూ వెనక్కి చూశాడు. తన వెనక సీట్లోనే ఒకటో తరగతి చదివే కూతురు కూర్చుని ఉంది. ఆ పిల్ల నవ్వడం లేదు, అరవడం లేదు. కమ్మీల సందులోంచి తండ్రి పాదాన్నే చూస్తోంది.

నిచ్చెన అన్న పేరు పిల్లలు పెట్టింది కాదు. అతని పొడుగు చూసి జనం పెట్టింది. ఒకప్పుడు ఇదే రోడ్డు పక్క గోడల మీద అతని బొమ్మ ఉండేది, చెయ్యి చాపి బంతిని రింగులో వేస్తున్న బొమ్మ. బాస్కెట్‌బాల్ తిండి పెట్టినన్నాళ్లు బాగానే పెట్టింది. తర్వాత మోకాళ్లు మొరాయించాయి, తర్వాత నడుము. కుర్రాళ్లు వచ్చారు. గోడలకి సున్నం వేశారు. టీములోని వాళ్లు తలో దిక్కూ అయ్యారు. ఒకడు ఫ్లాట్లు అమ్ముతున్నాడు, ఒకడు బావమరిది షాపులో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటున్నాడు, ఒకడు ఫోనే ఎత్తడు. నిచ్చెన ఒకచోట కోచ్‌గా చేరి గొడవపడ్డాడు, బూట్ల షాపు పెట్టి మూసేశాడు, ఆఖరికి ఈ బస్సెక్కాడు. ఎక్కాక తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. పొద్దున్నే తన కోసం ఎవరో సందు మొగలో ఎదురుచూస్తున్నారు, తను కనపడగానే చేతులు ఊపుతున్నారు. మళ్లీ ఇంత దొరుకుతుందని అతను అనుకోలేదు. అందుకే అది పోతుందంటే అంత భయం.

ఆ భయానికి ఇంకో వేరు కూడా ఉంది. టీములో ఎవరూ పైకి చెప్పని రూలు ఒకటుండేది: నొప్పి అని బెంచీ మీద కూర్చున్నావా, నీ చోటు గోవిందా. ఆ రూలు అతనికి ఎవరో చెబితే తెలిసింది కాదు. టీములో పెద్దవాడు ఒకడుండేవాడు, అందరికీ అన్న. ఆ అన్న ఒకసారి తుంటి నొప్పిగా ఉంది, ఈ ఒక్క మ్యాచికీ నన్ను వదిలేయండి అని కోచ్‌ని అడిగాడు. ఆ మ్యాచిలో అన్న బదులు కొత్తగా వచ్చిన నిచ్చెనని దింపారు. అన్న మళ్లీ మైదానంలోకి రాలేదు. పాపం, ఆయన చేసిన తప్పల్లా ఉన్నమాట చెప్పడమే.

ఇప్పుడు నిచ్చెన వెళ్లి ఎవరిని సలహా అడగాలి? తిరిగి తిరిగి ఆ అన్న దగ్గరికే వెళ్లాడు.

అన్న ఒక పెద్ద హోటల్లో తలుపు తీసే ఉద్యోగం చేస్తున్నాడు. అంత పొడుగు మనిషి బంగారు గుండీల కోటు వేసుకుని నిలబడితే వచ్చినవాళ్లు పక్కన నిలబడి ఫోటోలు దిగుతారు. ఎవరూ లేనప్పుడు స్తంభం చాటున చిన్న స్టూలు మీద కూలబడతాడు. నిచ్చెన వెళ్లేసరికి ఆ స్టూలు మీదే ఉన్నాడు.

"అన్నా, కుడి పాదం ఉన్నట్టే తెలియట్లేదు."

అన్న ముందు ఎవరైనా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. "ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"మీ ఆవిడకి?"

"లేదు."

"మంచి పని చేశావ్. నేను చెప్పి ఏం బావుకున్నానో నీకు తెలియదా ఏంట్రా? నా చోట్లో ఆడింది నువ్వేగా!" అని నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు. అది నిచ్చెనని ఇంకా భయపెట్టింది.

"బస్సులో పిల్లలుంటారన్నా."

ఇంతలో వాకిట్లోకి కారొచ్చింది. అన్న స్తంభం పట్టుకుని, పళ్లు బిగించి, ముక్కలు ముక్కలుగా లేచాడు. కారు తలుపు తెరుచుకునే లోపల నిటారుగా, నవ్వుమొహంతో నిలబడ్డాడు. "జాగ్రత్తగా నడుపుకో మరి" అన్నాడు పెదవులు కదపకుండా. అంతే, ఇంకేం చెప్పలేదు.

జాగ్రత్తగానే నడిపాడు. పల్చటి అడుగున్న బూట్లు కొన్నాడు. లేసులు పాదం కందిపోయేలా బిగించాడు. మలుపు మలుపుకీ కిందికి చూసుకున్నాడు. కిందికి చూసినంతసేపూ రోడ్డు కనపడదు, రోడ్డు చూసినంతసేపూ పాదం తెలియదు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బండి నడపడమంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది.

ఒకరోజు వంతెన ఎక్కుతుంటే వెనకనుంచి సన్నగా కూతురి గొంతు వినిపించింది. "ఉంది నాన్నా."

"ఏంటమ్మా?"

"పాదం. దానిమీదే ఉంది. నువ్వు ముందుకి చూడు."

ఇక్కడ ఏ తండ్రి అయినా బండి పక్కకి ఆపాలి. నిచ్చెన ఆపలేదు. పైగా ఆయమ్మ వినకుండా వంగి, "బంగారు తల్లివి. ఎవరికీ చెప్పకేం? మనిద్దరికే తెలియాలి" అన్నాడు. ఆ మాట అన్నాక సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే ఆ ఏర్పాటుకి అలవాటుపడ్డాడు. దిగుడు వచ్చినప్పుడల్లా వెనకనుంచి "ఉంది" అని వినపడేది. ఎప్పుడైనా "లేదు! పక్కకెళ్లింది!" అని వినపడేది. అప్పుడతను చేత్తో కాలు సర్దుకునేవాడు. పిల్లలు వెనక పాటలు పాడుకునేవాళ్లు. తన కూతురు పాడటం మానేసిందని అతను గమనించాడు. గమనించి ఊరుకున్నాడు.

శనివారం స్కూలు గేటు దగ్గర బస్సు ఆగింది. పిల్లలు దిగి, ఎప్పటిలాగే బస్సు ముందునుంచి గేటు వైపు వెళ్తున్నారు. నిచ్చెన ఎడంకాలితో క్లచ్చి తొక్కిపట్టి, బండి గేర్లో ఉంచి, వాళ్లు దాటేదాకా ఆగాడు. ఉన్నట్టుండి ఇంజను గర్జించింది. ముందు అతనికి అర్థం కాలేదు, ఇంకేదో బండి చప్పుడనుకున్నాడు. అద్దంలోంచి చూస్తే పిల్లలు ఉలిక్కిపడి, అంకుల్ ఆటపట్టిస్తున్నాడని నవ్వుతున్నారు. అతని పాదం ఏక్సిలరేటర్ మీద ఉంది. అదిమి ఉంది. వాళ్లలో ఒక్క పిల్ల మాత్రం నవ్వకుండా, సరిగ్గా బంపరు ముందు, సంచీ గుండెకి హత్తుకుని బిగుసుకుపోయి నిలబడి ఉంది. అది తన కూతురు.

ఎడంకాలు ఒక్క వేలెడు లేస్తే చాలు. ఆ ఎడంకాలు అప్పటికే గజగజ వణుకుతోంది. నిచ్చెన ఊపిరి బిగబట్టి, గేరు కర్రని లాగి మధ్యకి తెచ్చి, ఇంజను కట్టేశాడు. ఆయమ్మ ఏదో అడుగుతోంది. కూతురు ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఆయమ్మే వెళ్లి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

ఆ రోజు ఒంటిపూట బడి. మధ్యాహ్నం ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా పిల్ల పడుకుంది. నిచ్చెన వంటింట్లో మంచినీళ్లు తాగుతుంటే, "లేదు! నాన్నా, లేదు! పక్కకెళ్లింది!" అని నిద్దట్లో కేక పెట్టింది. భార్య పరుగున వెళ్లింది. తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల చాలాసేపు గుసగుసలు వినిపించాయి. నిచ్చెన ఖాళీ గ్లాసు పట్టుకుని, తేలు కుట్టిన దొంగలా గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పారిపోవడానికి ఇంట్లో చోటు లేదు.

అతని భార్య ఒకప్పుడు ఆ టీముకే ఫిజియోథెరపిస్టు. ఇప్పుడు ఆసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్లకి మళ్లీ నడక నేర్పుతుంది. ఆమె బయటికొచ్చి అరవలేదు. తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

"పడుకో" అంది మంచం చూపిస్తూ. "బూట్లు తియ్యి. కళ్లు మూసుకో. పిన్నీసుతో తాకుతాను, తెలిస్తే చెప్పు."

ఈ పరీక్ష అతనికి కొత్త కాదు. మ్యాచికి ముందు ఆమె టీములో అందరికీ ఇలాగే చేసేది. ముందు బొటనవేలు, తర్వాత అరికాలు, తర్వాత మడమ, మధ్యలో ఒకే వ్యవధి. ఆటగాళ్లు ఆ వరస బట్టీ పట్టి, కొత్తగా వచ్చినవాళ్లకి నేర్పేవాళ్లు. ఆ తాళం పట్టుకుంటే చాలు, కాలు చచ్చిపడున్నా పాసైపోవచ్చు.

"తెలుస్తోందా?"

"ఆఁ. బొటనవేలు."

"ఇప్పుడు?"

"అరికాలు. కాస్త మొద్దుగా ఉంది, అంతే."

"ఇప్పుడు?"

"అబ్బా! మెల్లిగా. మడమేగా?"

జవాబు లేదు. ఎంతకీ లేదు. అతను కళ్లు తెరిచాడు. పిన్నీసు కిటికీ తెరకి గుచ్చి ఉంది. ఆమె రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి.

"నేనింకా ముట్టుకోలేదు" అంది.

ఇన్నాళ్లూ మోసపోయింది ఎవరో నిచ్చెనకి అప్పుడు తెలిసింది.

"ఆ రోజుల్లోనూ ఇంతే" అంది ఆమె. "నేను తాకకముందే చెప్పేసేవాడివి. నాకు తెలిసేది."

"తెలిసి కూడా..."

"తెలిసే పట్టీ కట్టి పంపాను. నిన్ను ఆపితే నన్ను తీసేసేవాళ్లు. నాకూ భయమే మరి! నడుములో నరం అప్పట్నుంచే నలిగిందేమో, నాకు తెలీదు. ఇప్పుడు మాత్రం మళ్లీ పట్టీ కట్టమని నన్నడక్కు. పిల్ల మొహానికీ బస్సుకీ ఎంత దూరం ఉందో అది నాకు చేతులతో కొలిచి చూపించింది."

అతను పైకప్పు వైపు చూశాడు. "ఒకసారి దిగితే మళ్లీ ఎక్కనివ్వరు. దిగాక ఏం చెయ్యాలో నాకు తెలియదు. నాకు చాలా భయంగా ఉంది" అన్నాడు. పెళ్లయ్యాక ఆ మాట అనడం అదే మొదలు.

ఆమె ఫోను తెచ్చి అతని చేతికిచ్చింది. పిల్ల ఎప్పుడు లేచొచ్చిందో, మంచం చివర కూర్చుంది.

స్కూల్లో బస్సులు చూసే సూపర్‌వైజరు ఫోనెత్తి, కాలు బాగాలేదు, బస్సు నడపలేనన్న మాట విని తేలిగ్గా నవ్వేశాడు. "కాలు నొప్పేగా గురూ? ఒక మాత్ర వేసుకుని వచ్చెయ్. పరీక్షల రోజులు, నువ్వు లేకపోతే ఎలా?"

నువ్వు లేకపోతే ఎలా. ఆ మాట కోసం ఎన్నేళ్లు ఎన్ని నొప్పులు మింగాడో! అతని గుండె పాత అలవాటుగా ఎగిరింది. సరే వస్తానండీ అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. భార్య అటు తిరిగి నిలబడింది. తన మొహం చూసి చెప్పకూడదని కాబోలు.

"నొప్పి కాదండీ" అన్నాడు. "నొప్పయితే వచ్చేవాణ్ణే. కాలు ఎక్కడుందో తెలియట్లేదు. ఇవాళ గేటు దగ్గర పిల్లల మీదికి పోనిచ్చేవాణ్ణి. సోమవారం నేనొచ్చి బస్సెక్కినా మీరు దింపేయండి."

"సరే, ఇంకొకర్ని చూసుకుంటాలే" అంది అవతలి గొంతు. అప్పుడే ఎవరో పరాయి మనిషి గొంతులా ఉంది.

ఫోను పక్కన పెట్టాడు. మోచేతుల మీద లేచి, కాళ్ల వైపు చూశాడు. కూతురు రెండు చేతులతో అతని కుడి పాదాన్ని గట్టిగా పట్టుకుని, వేళ్లు తెల్లబడేలా నొక్కుతోంది.

"ఎప్పట్నుంచి పట్టుకున్నావమ్మా?"

"ఇందాకట్నుంచి నాన్నా. నువ్వు ఫోన్ చెయ్యకముందు నుంచీ."