ఎండిందన్న కేక

ముందు గేటు దగ్గర కాంట్రాక్టరు అతిథులకు పొగ రాని పొగగొట్టం చూపిస్తున్నాడు.

"బొగ్గు ముట్టుకోమండీ! కరిగించిన ఇసుకరాయిలో పాత అల్యూమినియం వేస్తాం, సిలికాన్ విడిపోతుంది. గాలికి మచ్చ పడదు!"

అప్పుడే వెనక గేటులోంచి కాలిన మనిషిని గోనెపట్టాలో మోసుకుపోతున్నారు. అతిథుల కంట పడుతుందని అంబులెన్సును లోపలికి రానివ్వలేదు.

కాలినవాడు వదినకు సొంత మరిది. కొలిమి దగ్గర ఆమె అందరికీ వదినే. అల్యూమినియం తుక్కును వేడి రేకు మీద ఆరబెట్టడం ఆమె పని. దాని మీద చల్లటి ఇనుప మూత పట్టి, మూతకు చెమ్మ పట్టకపోతే "ఎండింది!" అని కేకేస్తుంది. ఆ కేక వింటేనే మరిది తుక్కును కొలిమిలో వేస్తాడు. తడి ముక్క పడిందంటే కొలిమి పేలుతుంది. ఆ పూట కాంట్రాక్టరు తొందరపెట్టాడు. మూతకు పట్టిన చెమ్మను ఆమె చొక్కా చేతితో తుడిచేసి కేకేసింది. మరిది వేశాడు, కొలిమి పేలింది.

మర్నాడు కాంట్రాక్టరు అందరినీ పోగేశాడు. "తప్పు వాడిదే. చూసుకోకుండా వేశాడు."

"వాడేం చూస్తాడయ్యా? కేక విని వేస్తాడు," అన్నాడు కొలిమి తాత.

వదిన ముందుకొచ్చింది. "తడని తెలిసే అరిచాను. నా మరిదిని నేనే కాల్చాను."

ఎవరూ ఆమెను ఓదార్చలేదు. తాత తల దించుకున్నాడు. "నువ్వు తుడవడం నేను చూశానమ్మా. బెల్లం కొట్టిన రాయిలా ఊరుకున్నాను."

"నేనూ చూశాను," అంది పార పట్టుకున్న ఒకావిడ.

"చాల్లే కబుర్లు! తుక్కు పడక కొలిమి చల్లారి గడ్డకడితే మీ అందరి పని ఊడుతుంది. ఏయ్, కేకెయ్!" అన్నాడు కాంట్రాక్టరు.

రాత్రి వానకు నానిన తుక్కు రేకు మీద ఉంది. వదిన మూత పట్టింది. చెమ్మ పట్టింది. ఈసారి తుడవకుండా అందరికీ కనబడేలా పైకెత్తింది.

"తడి!"

"తడి!" అన్నాడు తాత. పక్క షెడ్డు అందుకుంది. ఆ పక్క షెడ్డూ అందుకుంది. పారలన్నీ నేల మీద పడ్డాయి. కొలిమి నెమ్మదిగా గడ్డకట్టసాగింది.

కాంట్రాక్టరు పిలిపించిన పోలీసులొచ్చి వదినను రెక్క పట్టి లాగారు. ఆమె మూతను తాత చేతిలో పెట్టింది. "తుడవకు తాతా!"

వ్యాను కదిలింది. వెనక ఆ కేక ఆగలేదు. నిన్న ఈ ఒక్క మాట అని ఉంటే మరిది ఇవాళ ఆ గుంపులో ఉండేవాడు. వదిన మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే, గొంతు పగిలేలా తనూ అరిచింది.

"తడి!"