తాతారావు గారింట్లో లేని ఏసీ

నేను ఒక ఏసీని. కాకినాడలో తాతారావు గారి పడకగది గోడకు ఉన్నాను. ఆయన్నడిగితే మాత్రం లేను.

తడ దగ్గర ఫ్యాక్టరీలో పుట్టి, షోరూంలో కొన్నాళ్లు వచ్చేపోయేవాళ్ల చేత తట్టించుకుని, ఆటో ఎక్కి ఇక్కడికొచ్చాను. ఎక్కడా ఇంత అవమానం పడలేదు. ఏడాదంతా వాడే కరెంటును పైకప్పు మీది సోలార్ పలకలతో తానే పుట్టించుకోవాలని కట్టిన ఇల్లు ఇది. ఎత్తైన కప్పు, ఎదురెదురు కిటికీలు, గోడలకు నీడనిచ్చే వెడల్పు చూరు, అన్నీ గాలి కోసమే. సముద్రపు గాలి వీస్తే హాయే, కాదనను. కానీ దాన్ని నేను నమ్మను. వైశాఖంలో అది స్తంభించిందంటే ఒళ్లంతా జిడ్డు, పక్కంతా తడి. తాతారావు గారి భార్య మంగతాయారుకు ఆయాసం. రెండు వేసవులు కిటికీ ఊచలు పట్టుకునే తెల్లవార్చింది. చివరికి పట్టుబట్టి నన్ను తెప్పించుకుంది. ఎవరికీ తెలియకూడదన్నది ఆయన షరతు. నా ముందు పూల తెర కట్టారు.

"ఏసీ లేని ఇల్లండి మాది!" అని చూడవచ్చిన వాళ్లందరికీ ఆయన చెప్పేవారు. తెర వెనక నేను బిక్కుబిక్కుమంటూ ఉండేదాన్ని. నిచ్చెన చప్పుడైతే నన్ను దింపడానికే అనుకునేదాన్ని. తెర అంచు ఎవరికి తగిలినా పైప్రాణాలు పైనే పోయేవి.

ఒకరోజు, ఈ ఇంటికి లెక్కలు కట్టిన ఇంజినీరు రజియా, 'సొంత కరెంటు ఇల్లు' అని గుమ్మానికి తగిలించే గుర్తింపు బోర్డు ఇచ్చేముందు చివరిసారి చూడటానికి వచ్చింది. ఆయన గబగబా నన్ను ఆపేశారు. గొట్టంలోంచి నీళ్లు మాత్రం కిటికీ బయట కారుతూనే ఉన్నాయి. ఉక్కలోంచి పిండిన నీళ్లు అంత తొందరగా ఆగవు.

"ఈ నీళ్లెక్కడివండీ?" అంది రజియా.

"పైన ట్యాంకు కారతందండి," అన్నారాయన.

ఆమె నమ్మలేదు. నేరుగా లోపలికి వచ్చి తెర లాగింది. నా పని అయిపోయిందనుకున్నాను.

"మా ఆవిడ గోల పడలేకండి..." అంటూ ఆయన నేరమంతా మంగతాయారు మీదకు తోసేశారు.

రజియా తెల్లబోయింది. "దీన్ని దాచడమెందుకండీ? గాలి లేని రోజులకి చిన్న ఏసీ కావాలనే కదా పలకలు ఎక్కువ పెట్టించాను! మొదటిరోజే మీకు చెప్పాను."

మంగతాయారు భర్త వైపు చూసింది. ఆయన తెర మడతలు సరిచేస్తూ ఉండిపోయారు.

ఇంజినీరు వెళ్లాక ఆమె ఆ తెర ఊడదీసింది. గది తలుపు లోపల గడియ పెట్టి నన్ను ఆన్ చేసింది. నాకు ఆనందం పట్టలేదు. కాసేపటికి తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడు.

"తాయారూ, బయట ఉక్క చంపేత్తంది. నేనూ రానా?"

"వసారాలో కూచోండి," అందామె, కళ్లు తెరవకుండానే. "మనిల్లు చూడ్డానికి ఎవరన్నా వత్తారు."